రెండు వేళ్లు పోయిన కేసులో మేము నమ్ముకున్న ఒంగోలు వకీలు కార్యాలయం

చీమకుర్తి దగ్గర గ్రానైటు కటింగ్ యూనిట్లో పనిచేసే మా బావమరిదికి 2023లో కుడిచేతి వేళ్లు రెండు తెగిపోయాయి. రాయి త్వరగా కోయాలని బ్లేడు మీది గార్డును సూపర్‌వైజరే తీయించాడు, వద్దన్నా వినలేదు. తెలిసి చేసిన హాని కనుక సివిల్ కోర్టులో పెద్ద మొత్తానికి దావా వేయాలని ఇంట్లో అందరమూ పట్టుబట్టాము. మొదట కలిసిన ఒక వకీలు వచ్చినదాంట్లో మూడోవంతు తనకివ్వాలన్నాడు. గెలుపును బట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధమని మాకు తర్వాత తెలిసింది. ఇక్కడ రాస్తున్నది మేము రెండోసారి వెళ్లిన కార్యాలయం గురించి.

అక్కడి పెద్దాయన ముందుగా ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కార్డు ఉందా అని అడిగారు, ఎందుకంటే ఈఎస్ఐ వర్తించే కార్మికుడు 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం కింద యజమానిని పరిహారం అడగలేడు. మావాడికి లేదు. మా దావా ఆలోచన విన్నాక, ఈ రెండు దారుల్లో ఒకటే పట్టాలని, ఆ చట్టం కింద అర్జీలు వినే కమిషనర్ ముందు పరిహారం కోరితే సివిల్ దావా చెల్లదని, దావా వేస్తే పరిహారం హక్కు పోతుందని చట్టంలోని 3వ సెక్షను చూపించి వివరించారు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో యజమాని కావాలని చేసిన హానికి విడిగా దావా వేసే వీలుందని మావాడు ఎక్కడో వీడియోలో చూశాడు; మన చట్టంలో ఎంపిక ముందే చేసుకోవాలని ఆయన ఓపికగా చెప్పారు. క్రిమినల్ ఫిర్యాదుకు మాత్రం ఈ నియమం అడ్డు కాదన్నారు. చివరికి మేము కమిషనర్ దారే పట్టాము.

ఆయన నేర్పు తెలిసింది గార్డు విషయంలోనే. "గార్డు ఎవరు తీశారయ్యా? ఎవరి చేత్తో తీశారు?" అని రెండుమూడుసార్లు గుచ్చి అడిగారు. శాశ్వత పూర్తి వైకల్యమో మరణమో కాని గాయాల్లో, రక్షణ కోసం పెట్టినదని తెలిసీ కార్మికుడే దాన్ని కావాలని తొలగించాడని యజమాని రుజువు చేస్తే పరిహారం రాదు. అవతలివాళ్లు సరిగ్గా అదే వాదన తెచ్చారు. అప్పటికే ఈయన తోటి పనివాళ్లిద్దరి వాంగ్మూలాలు, ఫోనులో తీసిన ఫొటోలు సిద్ధం చేసి ఉంచడంతో అది నిలవలేదు. యజమాని తరఫువాళ్లు యాభై వేలిచ్చి సంతకం పెట్టమన్న కాగితాన్ని కూడా చదివి, ముట్టుకోవద్దన్నారు.

లెక్కను ఆయన మా ఎదుటే వేశారు. నెల జీతం 18,000 అయినా, పరిమితి వల్ల లెక్కలోకి వచ్చేది 15,000. అందులో 60 శాతం 9,000. చట్టంలోని పట్టిక ప్రకారం నలభై ఏళ్ల వయసుకు గుణకం 184.17, ఒక చేతి రెండు వేళ్లు పోతే సంపాదన శక్తిలో నష్టం 20 శాతం. ఈ మూడూ గుణిస్తే 3,31,506 రూపాయలు. మేము ఊహించిన లక్షలు ఇవి కావు, నిరుత్సాహపడ్డాము కూడా. అయినా ఆయన ఒక్క రూపాయి ఎక్కువ ఆశ పెట్టలేదు, పద్నాలుగు నెలలకు వచ్చిన ఉత్తర్వులో ఆ మొత్తమే, 12 శాతం వడ్డీతో సహా, ఉంది.

లోపాలూ ఉన్నాయి. గుమాస్తా మొదటి అర్జీలో వయసు నలభై రెండని టైపు చేశాడు; వయసు పెరిగితే గుణకం తగ్గుతుంది కనుక అది చిన్న పొరపాటు కాదు, మేము చూసి దిద్దించాము. వాయిదా తేదీ రెండుసార్లు ముందురోజు రాత్రి చెప్పారు. ఫీజుకు రసీదు ఇచ్చారు గానీ అడిగితేనే.

వెళ్లదలచినవారు పొద్దున కాకుండా సాయంత్రం ఆరు దాటాక వెళ్లాలి, పగలంతా ఆయన కోర్టులో ఉంటారు. జీతం పడిన బ్యాంకు పాస్‌బుక్కు, ఆసుపత్రి కాగితాలు, వయసు ధ్రువపత్రం వెంట తీసుకెళ్లండి. ప్రమాదం జరిగి రెండేళ్లు కావస్తుంటే రేపు చూద్దామని మాత్రం ఆగవద్దు, పాత చట్టంలో అర్జీకి గడువు అంతే. 2025 నవంబరు 21న గానీ ఆ తర్వాత గానీ జరిగిన ప్రమాదమైతే, ఆ రోజు నుంచి పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి అనే కొత్త చట్టం అమలులోకి వచ్చింది కనుక, ఏ నియమం వర్తిస్తుందో మొదటిరోజే ఆయన్ను అడగండి.