సేఫ్, సేఫ్టీ, సెక్యూర్, సెక్యూరిటీ ఇటాలియన్‌లోకి: యూర్-లెక్స్, ఇయాటే ఏళ్ళ తరబడి వాడాక

ఇటలీకి చదువుకోవడానికో ఉద్యోగానికో వచ్చిన తెలుగువాళ్ళు, ముఖ్యంగా ఇంజినీరింగ్ వైపువాళ్ళు, ఏ డిక్షనరీ వాడాలని తరచూ అడుగుతుంటారు కాబట్టి ఇది రాస్తున్నా. నేను బొలోనియా దగ్గర ప్యాకింగ్ యంత్రాల కంపెనీలో పనిచేస్తాను. ఇంగ్లిష్ మాన్యువళ్ళకు బయటి నుంచి వచ్చే ఇటాలియన్ అనువాదాలను మూలంతో పోల్చి సరిచూడటం నా పనిలో పెద్ద భాగం. రోజూ తెరిచేవి రెండే: యూరోపియన్ యూనియన్ చట్టాలన్నీ ఉండే యూర్-లెక్స్, ఆ యూనియనే నడిపే పదకోశం ఇయాటే. రెండూ ఉచితం, వెతకడానికి లాగిన్ కూడా అక్కర్లేదు.

వీటి విలువ తెలియాలంటే పైన శీర్షికలో పెట్టిన ఒక్క పదాల కుటుంబం చాలు. మామూలు డిక్షనరీ తీస్తే సేఫ్ అన్నా, సెక్యూర్ అన్నా, ష్యూర్ అన్నా మొదట కనిపించేది సికురో. సేఫ్టీకీ సెక్యూరిటీకీ సికురెత్సా. సీటు బెల్టుకి అదే మాట, పోలీసు శాఖకి అదే మాట. లాటిన్‌లో సెకూరుస్ నుంచి ఇంగ్లిష్‌కి సెక్యూర్, ష్యూర్ రెండూ వచ్చాయి, సాల్వుస్ నుంచి సేఫ్ వచ్చింది. ఇటాలియన్‌లో సాల్వుస్ బిడ్డ సాల్వో ఉన్నా, దాని వాడుక బాగా తగ్గి, ఆపద నుంచి బయటపడ్డవాడి గురించి చెప్పేటప్పుడే ఎక్కువగా వినిపిస్తుంది. మిగతా బరువంతా సికురో మీదే పడింది. అందుకే "నేను క్షేమంగా ఉన్నాను" అనాలంటే సోనో అల్ సికురో అనాలి. ఆ అల్ లేకపోతే "నాకు ఖాయంగా తెలుసు" అయిపోతుంది. ఫోన్లో పెట్టుకున్న ఒక ఉచిత అనువాద యాప్ సరిగ్గా ఇక్కడే తప్పు ఇచ్చింది, అదీ వరదల రోజుల్లో ఇంటి ఓనర్‌కి పంపాల్సిన మెసేజ్‌లో.

మాన్యువల్లో అయితే ఇది ఇంకా ప్రమాదం. సెక్యూర్ అనే క్రియ "స్క్రూలతో బిగించు" అనే అర్థంలో వస్తుంది. దానికి ఇటాలియన్ ఫిస్సారె. ఒక ఏజెన్సీ పంపిన డ్రాఫ్టులో గార్డుని, అంటే యంత్రంలో కదిలే భాగాలకు చేయి తగలకుండా పెట్టే అడ్డుని, నాలుగు స్క్రూలతో బిగించమన్న చోట మెత్తెరె ఇన్ సికురెత్సా అని ఉంది. ఫ్యాక్టరీలో ఆ మాటకి అర్థం వేరు: కరెంటు తీసి, గాలి ఒత్తిడి వదిలి, యంత్రాన్ని ఎవరికీ హాని చేయని స్థితికి తేవడం. టెక్నీషియన్ ఆ వాక్యం చదివి యంత్రం ఆపడానికి పోతాడు, గార్డు మాత్రం వదులుగానే ఉండిపోతుంది. ఇలాంటిది చూస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది, ఎందుకంటే ఆ గార్డు వెనకాల తిరిగేది కత్తి.

యూర్-లెక్స్ నన్ను గట్టెక్కించేది ఇక్కడే. అందులో ఒకే చట్టాన్ని మూడు భాషల దాకా పక్కపక్కన పెట్టి, పేరాకి పేరా ఎదురుగా చదువుకోవచ్చు. యంత్రాల డైరెక్టివ్ 2006/42ని ఇంగ్లిష్, ఇటాలియన్ కలిపి తెరిస్తే గార్డు అంటే రిపారో, సేఫ్టీ కాంపొనెంట్ అంటే కొంపొనెంతె ది సికురెత్సా, ఎమర్జెన్సీ స్టాప్ అంటే అర్రెస్తో ది ఎమెర్జెన్త్సా అని వాక్యంతో సహా దొరుకుతాయి. డిక్షనరీలు గార్డుకి ఇచ్చే పది మాటల్లో ఏది వాడాలో తేల్చుకునే పని ఉండదు, చట్టంలో ఉన్నదే వాడాలి, ఇన్‌స్పెక్టర్ చేతిలో ఉండేది కూడా ఆ మాటే కదా. ఇయాటేలో ప్రతి పదానికీ ఏ రంగమో, ఎంతవరకు నమ్మవచ్చో తెలిపే నక్షత్రాలు ఉంటాయి. నక్షత్రాలు తక్కువున్న పదాన్ని నేను అసలు ముట్టుకోను.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ తిండికి సంబంధించింది. పార్మాలో యూరోపియన్ యూనియన్ ఆహార సంస్థ ఎఫ్సా ఉంది, తినే పదార్థంలో విషం, సూక్ష్మజీవుల వల్ల ముప్పు ఎంతో శాస్త్రీయంగా అంచనా వేయడం దాని పని, అంటే ఫుడ్ సేఫ్టీ. రోమ్‌లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఉంది, అందరికీ తిండి అందడం గురించి అది మాట్లాడుతుంది, అంటే ఫుడ్ సెక్యూరిటీ. ఇటాలియన్‌లో రెండూ సికురెత్సా అలిమెంతారె! మనకీ అంతే, 2006 చట్టం కింద వచ్చిన ఎఫ్ఎస్ఎస్ఏఐ చూసేదీ, 2013 చట్టం కింద రేషన్ బియ్యం ఇచ్చేదీ పేపర్లలో "ఆహార భద్రతే". తేడా తప్పనిసరి అయితే ఇటాలియన్లు మొదటిదాన్ని సికురెత్సా దేల్యి అలిమెంతి అని, అంటే ఆహార పదార్థాల భద్రత అని విడదీస్తారు. తెలుగులో మనం కూడా ఇలా విడదీసి రాస్తే మంచిదని నా అభిప్రాయం.

ఇటలీ ప్రభుత్వానికే ఈ ఇబ్బంది వచ్చింది. 2017 జూన్ 3న ట్యూరిన్‌లోని సాన్ కార్లో కూడలిలో పెద్ద తెర మీద ఫుట్‌బాల్ ఫైనల్ చూస్తున్న జనంలో తొక్కిసలాట జరిగి వెయ్యి మందికి పైగా గాయపడ్డారు. నాలుగు రోజులకు జాతీయ పోలీసు అధిపతి గాబ్రియెల్లి ఇచ్చిన సర్క్యులర్‌లో సేఫ్టీ, సెక్యూరిటీ అనే ఇంగ్లిష్ మాటలే నేరుగా వాడారు: దారులు, బారికేడ్లు, జనం బయటికి పోయే ఏర్పాట్లు సేఫ్టీ, పోలీసు బందోబస్తు సెక్యూరిటీ. అప్పటి నుంచి జాతర్లు, కచేరీల అనుమతి కాగితాల్లో ఈ జంట మామూలైపోయింది.

ఇక ఈ రెండు సైట్లూ దేనికి పనికిరావంటే ఇంటి మాటలకి. పిన్నీసుని స్పిల్లా దా బాలియా అంటారని, అంటే పాలిచ్చే దాది పెట్టుకునే పిన్ను అని, చట్టాలు చదివితే తెలియదు. ఇనప్పెట్టె కాస్సాఫోర్తె, తుపాకీ పొరపాటున పేలకుండా ఆపే మీటకి సికూరా, వాచ్‌మన్ గ్వార్దియా జురాతా, ఇంటి అడ్వాన్సు కౌత్సియోనె, సోషల్ సెక్యూరిటీ ప్రెవిదెన్త్సా సోచాలె. సేఫ్టీ షూస్ ఇంకా విచిత్రం, స్కార్పె ఆంతీన్‌ఫోర్తునీస్తికె, పని ప్రమాదాలకు ఎదురు నిలిచే బూట్లని. వీటికి నేను త్రెక్కానీ నిఘంటువు చూస్తాను, అదీ ఉచితమే, పూర్తిగా ఇటాలియన్‌లోనే ఉంటుంది కాబట్టి భాష కొంత వచ్చాకే పనికొస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు యూర్-లెక్స్‌తో మొదలుపెట్టొద్దు, ఆ వాక్యాల పొడవు చూసి భాష మీదే విరక్తి పుడుతుంది. బి-2 స్థాయి (యూరప్‌లో భాషకు పెట్టుకున్న ఆరు మెట్లలో నాలుగోది) దాటాక, మీ రంగానికి సంబంధించిన ఒక్క చట్టం ఎంచుకుని పక్కపక్కన చదవండి. పని భాష దాంతో వచ్చినంత త్వరగా నాకు ఏ కోర్సుతోనూ రాలేదు.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర ఎందుకు తగ్గించానంటే యూనియన్ ఇటాలియన్, ఇటలీలో వాడే ఇటాలియన్ ఎప్పుడూ ఒకటి కావు. సైబర్ సెక్యూరిటీకి బ్రస్సెల్స్ చిబెర్‌సికురెత్సా అని ఐ అక్షరంతో రాస్తుంది, 2021లో ఇటలీ పెట్టుకున్న జాతీయ సంస్థ పేరులో మాత్రం వై అక్షరం ఉంది. 2027 జనవరి 20 నుంచి కొత్త యంత్రాల రెగ్యులేషన్ 2023/1230 అమల్లోకి వస్తే, కంట్రోల్ సిస్టమ్‌ని బయటివాళ్ళు చెడగొట్టకుండా చూడటం కూడా యంత్ర భద్రత కిందికే వస్తుంది, అప్పుడు ఈ మాట మా మాన్యువళ్ళలో ప్రతిచోటా ఉంటుంది. నేను ఐ అక్షరానికే ఓటు వేశాను, యంత్రంతో పాటు ఇచ్చే కన్ఫార్మిటీ పత్రం, అంటే యంత్రం చట్టానికి తగ్గట్టు ఉందని చెప్పే కాగితం, యూనియన్ చట్టాన్నే పేర్కొంటుంది కాబట్టి.