వాకిట్లోకి ఏది మేలు: గంగరావా, పొన్నా, కానుగా?

తిరుపతిలో కొత్తగా ఇల్లు కట్టుకున్న మా చెల్లెలు పోయిన వారం ఫోన్ చేసింది. "అన్నా, వాకిట్లో ఒక్క చెట్టుకే చోటుంది. బోరు నీళ్లేమో ఉప్పన. ఏం పెట్టమంటావు?" అంది. గంగరావి, పొన్న, కానుగ మూడూ నా మనసులోకి వచ్చాయి. మూడూ సముద్రం ఒడ్డున పెరిగే జాతులే. వాటి కాయలు నీళ్లలో తేలుకుంటూ కొత్త చోట్లకు చేరతాయి. అందుకే కాస్త ఉప్పుకు బెదరవు.

అందంలో పొన్నదే పైచేయి. దళసరి ఆకు నూనె రాసినట్టు మెరుస్తుంది, తెల్లటి పువ్వు మంచి వాసన. కృష్ణుడు గోపికల చీరలు దాచింది పొన్న మీదేనని మన పెద్దలు చెబుతారు. చెన్నై మైలాపూరు కపాలీశ్వరాలయంలో స్థలవృక్షం, అంటే ఆ గుడి పవిత్ర వృక్షం, ఇదే. గింజల నూనె దీపాలకు, పడవల సందులు పూడ్చడానికి వాడేవాళ్లు. తినడానికి మాత్రం పనికిరాదు. పెరగడం బాగా నిదానం. నీడ కోసం ఆమె చాలా ఏళ్లు ఆగాలి. గుడి ఆవరణలోనో బడిలోనో అయితే ఆగినా ఫరవాలేదు.

కానుగ మన చిత్తూరు రైతుకు చుట్టమే. వేళ్లలోని బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తాయి. రొట్ట మళ్లల్లో తొక్కుతారు, నూనె తీసిన గింజల పిండి ఎరువవుతుంది, నూనె పురుగు మందుగా పనికొస్తుంది. మేకలు పెద్దగా ముట్టవు. చలికాలం చివర ఆకు రాల్చి, ఎండలు ముదిరేలోగా లేత చిగురుతో నిండిపోతుంది. గట్టు మీద, బావి దగ్గర పెట్టడానికి దీన్ని మించింది లేదు. కానీ బాగా ఎత్తు పోతుంది. ఆమె ఇంటి మీదుగా కరెంటు తీగలున్నాయి.

అందుకే నా మాట గంగరావి. చిత్తూరులో తమిళం వచ్చినవాళ్లు పూవరసు అంటారు. రావాకులాంటి ఆకు, పొద్దున పసుపు పువ్వు. మధ్యలో ముదురెరుపు మచ్చ. సాయంత్రానికి పువ్వంతా ఎర్రబారిపోతుంది. చిన్నప్పుడు ఆకు చుట్టి పీక ఊదుకుంటూ ఇల్లు చేరేవాళ్లం, ఆ శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది. పసిఫిక్ సముద్రంలోని తహితి దీవిలో గుడుల చుట్టూ నాటేవాళ్లు. దాని శాస్త్రీయ నామం థెస్పీసియాకు గ్రీకులో దివ్యమైనదని అర్థం. హవాయిలో దాని కలపతో తిండి గిన్నెలు చెక్కేవాళ్లు, తిండికి చెడు రుచి అంటదని. మన దగ్గర బండి సామాన్లకు వాడారు.

మా ఇంటి ముందు గంగరావిని తీగలకు అడ్డమని ఎవరో నాకు చెప్పకుండా మోడు చేసేశారు. చాలా బాధపడ్డాను. ఆ మోడే మళ్లీ గుబురుగా చిగిర్చింది. అంటే తీగలకు తగలకుండా నరికినా ఇది మళ్లీ వస్తుంది.

లోపాలు కూడా చెప్పాను. ఆకు ఏడాదంతా రాలుతుంది, రోజూ ఊడవాలి. మేకలు తింటాయి కాబట్టి కంచె కావాలి. పత్తిని పట్టే ఎర్ర పురుగులు, పత్తినల్లులు, దీని మీద చేరి, పక్కన బెండ వేస్తే అక్కడికీ పాకుతాయి. అందుకే కూరగాయల మడి పక్కన వద్దు.

అక్టోబరు వానల్లో మణికట్టు లావు కొమ్మ ఒకటి నాటమన్నాను, తొందరగా వేరు పోసుకుంటుంది. కలప కూడా కావాలంటే మాత్రం గింజే మేలు, కొమ్మతో వచ్చిన మాను వంకర తిరుగుతుంది. ఆమెకు కలప అక్కర్లేదు, మేనకోడలికి పీకలు చాలు.