పారో తక్త్‌సాంగ్: ఎక్కింది గుహ కోసం, చూసింది తలుపు

భూటాన్ కొండల్లో ఉన్న ఈ బౌద్ధ గుడికి 5కి 4 ఇస్తున్నా. పోయిన ఆ ఒక్క స్టార్ గుహది కాదు, మా ట్రావెల్స్ ఆయనది. గుహలో కూర్చుని పది నిమిషాలు మెడిటేషన్ చేసుకోవచ్చు సార్ అని చెప్పి బుక్ చేయించాడు, తీరా అంత ఎత్తు ఎక్కి వెళ్తే పద్మసంభవుడు అనే బౌద్ధ గురువు ధ్యానం చేసిన అసలు గుహకి తలుపేసి ఉంది, ఏడాదికి ఒక్కసారే తీస్తారంట!

భూటాన్‌లో పారో దగ్గర పార్కింగ్ దాకా కారు, ఆ తర్వాత నడకే. గుడి 3120 మీటర్ల ఎత్తులో, లోయకి 900 మీటర్ల పైన, కింద నుంచి చూస్తే బండకి పట్టిన తేనెపట్టులా ఉంటది. అలిపిరి మెట్లెక్కినోళ్ళం మాకేంటి అనుకున్నా గానీ ఇక్కడ ఊపిరే అందదు బాబోయ్. గుర్రాలు సగం దాకే, అదీ ఎక్కేటప్పుడే, దిగేటప్పుడు మీ మోకాళ్ళే దిక్కు. మధ్యలో కెఫెటేరియాలో సుజా అని ఉప్పు, వెన్న వేసిన టీ దొరుకుతుంది, టీ అనుకోకుండా సూప్ అనుకుని తాగండి, భలే ఉంటది.

కథ మాత్రం అదిరిపోద్ది. 8వ శతాబ్దంలో గురు రింపోచే, అంటే పద్మసంభవుడే, ఆడపులి మీద ఎగురుకుంటూ వచ్చి ఇక్కడ దిగాడంట, ఆ పులి ఎవరో కాదు ఆయన శిష్యురాలు యేషే త్సోగ్యాలే అంటారు. దుష్టశక్తుల్ని లొంగదీయడానికి దోర్జే ద్రోలో అనే ఉగ్రరూపం ఎత్తి మూడేళ్ళ మూడు నెలల మూడు వారాల మూడు రోజుల మూడు గంటలు ధ్యానం చేశాడంట. తక్త్‌సాంగ్ అంటేనే పులి గూడు. గైడ్ ఇదంతా చెప్తుంటే మా అత్తమ్మ "పులంటే అమ్మవారి వాహనమే కదా" అని అక్కడే దణ్ణం పెట్టేసుకుంది.

గుడి 1692లో మొదలెట్టారు కానీ 1998 ఏప్రిల్ 19న కాలిపోయింది, ఇప్పుడు మనం చూసేది 2005లో మళ్ళీ కట్టి పూర్తి చేసింది. పాత గోడలు చూద్దామని వెళ్ళేవాళ్ళు ఇది తెలుసుకుని వెళ్ళండి. ఫోన్లు, బ్యాగులు గేటు దగ్గరే పెట్టేయాలి, అదే మంచిదైంది, లేకపోతే ఆ చీకటి గదిలో వెన్న దీపాల వాసన, ఆ తలుపు ముందు కళ్ళు మూసుకుని కూర్చున్న ముసలాయన, ఇవేవీ నాకు కనిపించేవి కావు. గుడి దగ్గర పడ్డాక దారి పక్క బండ సందుల్లో బొటనవేలంత మట్టి స్తూపాలు వరసగా పెట్టి ఉంటాయి, చచ్చిపోయినోళ్ళ బూడిద మట్టిలో కలిపి చేస్తారంట, వాటిని మాత్రం ముట్టుకోకండి, మా వాడు ఒకటి చేతిలోకి తీసుకుంటే గైడ్ మెల్లిగా తీసి మళ్ళీ అదే సందులో పెట్టాడు.

పొద్దున్నే ఎక్కడం మొదలెట్టండి, మధ్యాహ్నం 1 నుంచి 2 దాకా లోపలికి పంపరు, మేం సరిగ్గా 12:55కి చేరాం, గంటసేపు మెట్ల మీద బిస్కెట్లు తింటూ కూర్చున్నాం.