టాలీ ప్రైమ్: ముందు లైసెన్స్, తర్వాతే బిల్లు

కర్నూలు యార్డులో ఉల్లి కమీషన్ కొట్లకు టాలీ ప్రైమ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ బాగా కుదురుతుంది. ఒక్క కంప్యూటరే ఉంటే ‘సిల్వర్’ రకం లైసెన్స్ చాలు. అయితే పొద్దున తెరవగానే లైసెన్స్ చూసుకోవాలి. ఎఫ్1 నొక్కి ‘అబౌట్’లోకి వెళ్తే సీరియల్ నంబరు, టీఎస్ఎస్ (అప్‌డేట్లు, ఆన్‌లైన్ సేవల చందా) గడువు కనిపిస్తాయి. ‘ఎడ్యుకేషనల్’ మోడ్‌లో, అంటే లైసెన్స్ లేకుండా నేర్చుకోవడానికి ఇచ్చే పద్ధతిలో ఉంటే 14వ తేదీ పట్టీ (అమ్మకం లెక్క చీటీ) ఎంత కొట్టినా తీసుకోదు. 1, 2, 31 తేదీలకే ఎంట్రీ పడుతుంది. ఎక్కువ కంప్యూటర్లకు పనికొచ్చే ‘గోల్డ్’లో లైసెన్స్ ఉన్న సర్వర్ కంప్యూటర్ ఆపేస్తే మిగతావాటికి లైసెన్స్ అందదు, ముందు ఆ సర్వర్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. టీఎస్ఎస్ తీరితే లెక్కలు ఆగవు గానీ, ఈ-ఇన్వాయిస్ (జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో నమోదు చేసే బిల్లు) నేరుగా ప్రభుత్వ పోర్టల్‌కు వెళ్లదు. సిస్టమ్ ఫార్మాట్ చేయించే ముందు మాత్రం ఎఫ్1, సెట్టింగ్స్, లైసెన్స్‌లోకి వెళ్లి ‘సరెండర్’ చేయడం, అంటే ఆ కంప్యూటర్ నుంచి లైసెన్స్‌ను విడిపించడం మరవకండి.