మూడు సెల్స్, మూడు 0.21లు: పాత రీబ్రీదర్ కొనబోతున్న కొత్త డైవర్లకు హెచ్చరిక

ఎవరైనా పాత రీబ్రీదర్‌ను (వదిలిన ఊపిరిని శుభ్రం చేసి మళ్ళీ పీల్చుకోనిచ్చే డైవింగ్ యంత్రాన్ని) అమ్మకానికి పెట్టి, హ్యాండ్‌సెట్ తెర మీద ఆక్సిజన్‌ను కొలిచే మూడు సెన్సర్ల (సెల్స్) దగ్గరా మామూలు గాలికి సరిపోయే 0.21 కనిపిస్తున్న ఫొటో చూపించి, "ఆక్సిజన్ సెల్స్ బ్రహ్మాండంగా ఉన్నాయి" అంటే, దయచేసి అక్కడే ఆగండి. నేను సరిగ్గా అలాంటి ఫొటో చూసే డబ్బు కట్టాను. ఆ మూడు అంకెలు సెల్స్ ఆరోగ్యం గురించి ఏమీ చెప్పవని తెలిసేసరికి ఆలస్యమైంది. డబ్బు పోయిందన్న బాధ ఒకటైతే, ఊపిరి ఉండగానే ఒడ్డెక్కానన్న ఊరట మరొకటి.

అప్పటికి నా లాగ్‌బుక్‌లో 43 డైవ్‌లు. నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి) వాడే కార్డు ఉంది. తేలడం, మునగడం కాస్త అదుపులోకి వచ్చి, నాకు అన్నీ తెలిశాయన్న ధీమా మొదలైన రోజులవి. ఒక డైవ్‌లో బుడగలు వదలకుండా, చప్పుడు లేకుండా పక్కనుంచి వెళ్తున్న ఒకామెను చూశాను. చేపలు ఆమెను తమలో ఒకదానిగా అనుకున్నట్టు ముఖం దాకా వస్తున్నాయి. నేను బుసబుసమంటూ బుడగలు వదులుతుంటే అవే చేపలు బెదిరి పారిపోతున్నాయి. ఆ రాత్రే వెతకడం మొదలుపెట్టాను.

యంత్రం వెనుక ఉన్న ఆలోచన నిజంగా అందమైనది, అందుకే అంత సులువుగా పడిపోతాం. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం ఉంటే, వదిలే ఊపిరిలో ఇంకా 16, 17 శాతం మిగిలే ఉంటుంది. మామూలు స్కూబాలో అదంతా బుడగల పాలు. లోతుకు వెళ్ళేకొద్దీ ఈ దుబారా పెరుగుతుంది. 30 మీటర్ల దగ్గర ఒక్కో శ్వాసకు నీటిపైన పట్టేదానికి నాలుగు రెట్ల గాలి ఖర్చవుతుంది. రీబ్రీదర్ ఆ ఊపిరిని పారేయదు. సోడాలైమ్ గుళికలు నింపిన డబ్బా గుండా పంపి కార్బన్ డయాక్సైడ్‌ను తీసేసి, శరీరం వాడుకున్నంత ఆక్సిజన్‌ను మళ్ళీ కలిపి తిరిగి అందిస్తుంది. నెమ్మదిగా ఈదే మనిషికి నిమిషానికి కావలసిన ఆక్సిజన్ సుమారు ఒక లీటరు, అదీ లోతుతో సంబంధం లేకుండా. 2 లీటర్ల చిన్న సిలిండర్‌ను 200 బార్‌కు నింపితే 400 లీటర్లు. ఈ లెక్క కాగితం మీద వేసుకున్న రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఇంకో లెక్క కూడా అప్పుడే చదివాను, కానీ తలకెక్కించుకోలేదు. 1998 నుంచి 2010 వరకు రీబ్రీదర్ డైవింగ్‌లో నమోదైన 181 మరణాలను ఆండ్రూ ఫాక్ అనే వైద్యుడు పరిశీలించి 2013లో ఒక పత్రం ప్రచురించారు. మామూలు స్కూబాతో పోలిస్తే ప్రమాదం సుమారు పది రెట్లు ఎక్కువని ఆయన అంచనా. అది గుహల్లోకి, పాతాళానికి వెళ్ళే సాహసుల లెక్క, 20 మీటర్లలో చేపలు చూసుకునే నాకెందుకు అనుకున్నాను. నన్ను చివరికి ఇబ్బంది పెట్టింది 3 మీటర్ల ఈతకొలను.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నేర్పే మనిషిని వెతక్కముందే యంత్రం కొనేశాను. అసలు తప్పు అదే, మిగిలినవన్నీ దాని పిల్లలు. అమ్మినవాడి ప్రకటన ఇలా ఉంది: ఒక్కడే వాడాడు, 60 గంటలే నడిచింది, సెల్స్ బాగున్నాయి, నింపుకుని దిగడమే. నేనడిగిన ప్రశ్నలకు వెంటవెంటనే, మర్యాదగా జవాబులిచ్చాడు. ఇప్పుడు ఆ సందేశాలు తిరిగి చదువుకుంటే, నేను అడగాల్సిన ప్రశ్న ఒక్కటి కూడా వాటిలో లేదు. పట్టీల కొలత అడిగాను. బ్యాగు ఇస్తారా అని అడిగాను!

ఎవరి దగ్గర నేర్చుకోవాలని అడిగితే తన స్నేహితుడున్నాడని, రెండు రోజుల్లో అన్నీ చెప్పి కార్డు ఇప్పిస్తాడని అన్నాడు. ఇక్కడైనా నాకు అనుమానం రావాలి. రీబ్రీదర్ ధ్రువపత్రం ఆ ఒక్క మోడల్‌కే చెల్లుతుంది, ఇంకో మోడల్ వాడాలంటే దానికి విడిగా శిక్షణ కావాలి. సరైన కోర్సుకు నాలుగైదు రోజులైనా పడుతుంది, నీటిలో గడపాల్సిన నిమిషాలే వందల్లో ఉంటాయి. రెండు రోజుల కోర్సు అంటే సగం యంత్రం కొన్నట్టే.

మొదటి రోజు కొలను గట్టున ఆ స్నేహితుడు నా ముందే యంత్రాన్ని బిగించాడు. లూప్‌లోని (ఊపిరి చుట్టూ తిరిగే మూసిన దారిలోని) గాలిని పీల్చేసి చేసే పరీక్ష, గాలి నింపి చేసే పరీక్ష, రెండూ చేశాడు. ఎక్కడా లీకు లేదు. ఆ తర్వాత కూర్చుని ఐదు నిమిషాలు యంత్రంలోనే ఊపిరి పీల్చమన్నాడు. ఏ ఇబ్బందీ లేదు. చేతిలో పరీక్షల జాబితా కాగితం మాత్రం లేదు. "ఇవన్నీ నాకు నోటికొచ్చు" అన్నాడు.

నీళ్ళలోకి దిగగానే నా 43 డైవ్‌ల విద్య ఎందుకూ కొరగాకుండా పోయింది. మామూలు స్కూబాలో కాస్త నిండుగా ఊపిరి పీలిస్తే పైకి తేలుతాం, వదిలితే కిందికి దిగుతాం. ఇక్కడ ఛాతీలోని గాలి యంత్రానికున్న ఊపిరి సంచిలోకి, సంచిలోది ఛాతీలోకి వెళ్తుందే తప్ప మొత్తం మారదు. ఎంత ఊపిరి తీసినా శరీరం కదలలేదు. నేల మీద పడ్డాను, చేతులు ఆడించాను, పైకి పోయాను, మళ్ళీ పడ్డాను. ఈ పెనుగులాటలో ఊపిరి వేగం పెరిగింది. సుమారు పన్నెండో నిమిషంలో తలలో ఏదో బిగుసుకున్నట్టు అనిపించింది. ఎంత పీల్చినా చాలడం లేదు. తర్వాత వచ్చిన దాన్ని భయం అనడం కూడా సరికాదు, కారణం లేని దిగులు కమ్మేసింది. తెర మీద ఆక్సిజన్ అంకెలు మాత్రం చక్కగా ఉన్నాయి.

అదే కార్బన్ డయాక్సైడ్ పని. దాన్ని చూపించే అంకె ఆ తెర మీద లేదు. మామూలు గాలి అందించే బెయిలౌట్ రెగ్యులేటర్ నా పక్కనే వేలాడుతోంది. కానీ ఆయాసంతో ఎగశ్వాస తీస్తున్న మనిషికి నోట్లోది తీసి ఇంకోటి పెట్టుకోవడం ఎంత కష్టమో అనుభవించాక గానీ అర్థం కాలేదు. ఆ మూడు, నాలుగు సెకన్లు ఊపిరి బిగబట్టడానికి శరీరం ఒప్పుకోదు. నేను నేలను తన్ని పైకి వచ్చి మౌత్‌పీస్‌ను పీకి పారేశాను. దాన్ని తీసేముందు మూత తిప్పి మూయాలి, ఆ సంగతి గుర్తే లేదు. నీళ్ళు గొట్టంలోకి పోయాయి. కంగారులో మళ్ళీ నోట్లో పెట్టుకున్నాను. సోడాలైమ్‌ను తడిపి వచ్చిన నీరు సున్నపు తేటకన్నా ఘాటుగా ఉంటుంది. నాలుక, చిగుళ్ళు మండిపోయాయి. గంటసేపు మంచినీళ్ళు పుక్కిలించాను. రెండు రోజులు ఏం తిన్నా రుచి తెలియలేదు. కొలను కాబట్టి ఇంతటితో పోయింది.

"కొత్తవాళ్ళకు కంగారు సహజం, రేపటికి అలవాటవుతుంది" అన్నాడు ఆ స్నేహితుడు. ఆ రేపటికి నేను వెళ్ళలేదు.

తర్వాత ఆ మోడల్‌కు తయారీదారు గుర్తింపు ఉన్న శిక్షకురాలిని వెతికి పట్టుకున్నాను. ఆమె ముందు యంత్రాన్ని బల్ల మీద గుడ్డ పరిచి విప్పమంది. నాకు విప్పడం రాదని అప్పుడు తెలిసింది. తనే విప్పింది. స్క్రబ్బర్ డబ్బా, అంటే సోడాలైమ్ నింపే డబ్బా, కింద ఉండాల్సిన ఓ-రింగ్ లేదు. అంత పెద్ద యంత్రంలో వేలికి తొడిగే రబ్బరు పట్టీలాంటి ఆ ముక్క లేకపోతే, వదిలిన ఊపిరిలో కొంత భాగం సోడాలైమ్‌ను తాకకుండానే పక్కదారిన వచ్చి మళ్ళీ నోట్లోకి చేరుతుంది. మరి లీకు పరీక్షలు ఎలా నెగ్గాయి? ఆ పరీక్షలు లోపలి గాలి బయటికి, బయటి నీరు లోపలికి పోతుందా అన్నదే చూస్తాయి. ఇది లోపలినుంచి లోపలికే జరిగే దొంగతనం. ఐదు నిమిషాల ఊపిరి పరీక్ష కూడా దీన్ని నమ్మకంగా పట్టుకోలేదని ఆమె చెప్పింది. కూర్చున్న మనిషి వదిలే కార్బన్ డయాక్సైడ్ తక్కువ, ఈదుతూ పెనుగులాడే మనిషిది ఎక్కువ.

ఇక ఆ సెల్స్. ఆక్సిజన్ సెల్ అంటే చిన్న బ్యాటరీ లాంటిదే, ఆక్సిజన్ తగిలేకొద్దీ లోపలి సీసం అరిగిపోతూ ఉంటుంది. వాడినా వాడకపోయినా వయసు మీదపడుతుంది. వాడకం మొదలైన 12 నెలలకో, తయారైన 18 నెలలకో మార్చేయమని చాలా తయారీదారులు చెబుతారు. నా యంత్రంలోని మూడింటి వయసూ నాలుగేళ్ళు దాటింది. తేదీ ప్రతి సెల్ మీదా ముద్రించే ఉంది, తిప్పి చూస్తే చాలు. మూడూ ఒకే తయారీ గుంపులోవి.

మరి 0.21? కాలిబ్రేషన్ చేస్తే ముసలి సెల్ కూడా మామూలు గాలిలో 0.21 చూపిస్తుంది, ఎందుకంటే దానిచేత అలా చూపించమని మనమే సర్దుతాం. అసలు సంగతి ఆక్సిజన్ పెరిగినప్పుడు బయటపడుతుంది. గాలిలో 10 మిల్లీవోల్టులు ఇచ్చే సెల్, నీటిపైన స్వచ్ఛమైన ఆక్సిజన్ పట్టినప్పుడు 48 దగ్గరికి రావాలి. నావాటిలో రెండు 36 దాటలేదు, మూడోది 45 దాకా వచ్చింది. ఇలాంటి యంత్రంతో లోతుకు దిగామనుకోండి. ఆక్సిజన్ పాక్షిక పీడనాన్ని (పీల్చే గాలి మొత్తం పీడనంలో ఆక్సిజన్ వాటాను, తెర మీది అంకె అదే) 1.3 బార్ దగ్గర నిలపమని యంత్రానికి చెబుతాం. రెండు ముసలి సెల్స్ 1.0 దగ్గరే ఆగిపోతాయి. మూడోది నిజానికి దగ్గరగా చెప్పినా, ఇద్దరిది ఒక మాట కాబట్టి యంత్రం మెజారిటీనే నమ్ముతుంది. ఇంకా చాలలేదనుకుని ఆక్సిజన్ పోస్తూనే ఉంటుంది. 1.6 బార్ దాటాక నీళ్ళలో ఏ హెచ్చరికా లేకుండా మూర్ఛ రావచ్చు, మౌత్‌పీస్ నోట్లోంచి జారిపోతే ఆ తర్వాత చెప్పడానికేమీ ఉండదు. ఆ శిక్షకురాలు ఈ మాటలు మామూలుగా, టీ తాగుతూ చెప్పింది. నాకు మాత్రం కొలనులోకన్నా ఆ బల్ల దగ్గరే ఎక్కువ భయమేసింది.

ఇంకా ఉన్నాయి గానీ త్వరగా ముగిస్తాను. ఊపిరిని ఒకే దిశలో నడిపే మష్రూమ్ కవాటం ఒకటి అంచు ముడుచుకుపోయింది. ఆక్సిజన్ వైపు, దానికి పనికొచ్చే ప్రత్యేక గ్రీజు బదులు మామూలు సిలికోన్ గ్రీజు పూసి ఉంది. అధిక పీడనంలో ఉన్న ఆక్సిజన్ దగ్గర అది నిప్పుకు ఆహారం. ఆక్సిజన్ ఎప్పుడు పోయాలో నిర్ణయించే కంట్రోలర్ వేరే కంపెనీది, ఎవరో ఇంట్లో అమర్చారు. సీరియల్ నంబరు పంపి అడిగితే, మార్పులు చేసిన యంత్రానికి సర్వీసు చేసేది లేదని తయారీదారు జవాబిచ్చాడు.

"దీని మీద నేను మీకు నేర్పను. మీరే కాదు, ఎవరడిగినా నేర్పను" అంది ఆమె.

అమ్మినవాడికి ఇవన్నీ ఫొటోలతో సహా పంపాను. "ఉన్నది ఉన్నట్టుగా అమ్మాను, మీరు చూసుకునే కొన్నారు" అన్నది ఆఖరి సందేశం. అందులో సగం నిజమే. నేను చూశాను, చూడాల్సినవి తప్ప.

కొనాలనే ఉంటే, ముందు శిక్షకుడిని ఎంచుకోండి. ఆయన ఏ మోడల్ నేర్పుతారో, పాతది తెస్తే ఒప్పుకుంటారో లేదో కనుక్కోండి. వీలైతే కొలనులో అద్దె యంత్రంతో ఒక గంట గడపండి, సగంమందికి మోజు అక్కడే తీరుతుంది. పాతదే కొంటే సెల్స్ మీది తేదీలు కనిపించే ఫొటో, గాలిలోనూ ఆక్సిజన్‌లోనూ వచ్చే మిల్లీవోల్టులు అడగండి, ఆ తర్వాత ఎలాగూ సెల్స్ మార్చేయాల్సిందేనని లెక్కలో రాసుకోండి. సిలిండర్ల పీడన పరీక్ష తేదీ, చివరి సర్వీసు రసీదు, సీరియల్ నంబరు తీసుకుని తయారీదారుకు మీరే రాయండి. శిక్షకుడు విప్పి చూశాకే డబ్బు ఇస్తానని చెప్పండి. ఈ మాటకు అమ్మేవాడు చిరాకుపడితే మీ పని సులువైపోయినట్టే. గంటల లెక్క ఎంత చెప్పినా నమ్మకండి, దాన్ని రుజువు చేసే దారి చాలాసార్లు ఉండదు.

రీబ్రీదర్లే చెడ్డవని నేను అనడం లేదు. వచ్చే ఏడాది నేర్చుకుంటాను, ఈసారి ఆమె దగ్గర, ఆమె చెప్పిన యంత్రం మీద. అప్పటిదాకా ఇంకో 60 డైవ్‌లు మామూలు స్కూబాలోనే చేయమంది, చేస్తున్నాను. పాత యంత్రాన్ని ఎవరికీ అమ్మలేదు. కంట్రోలర్ విప్పేసి, గొట్టాలు కోసేసి, సిలిండర్లు మాత్రం పరీక్షకు పంపాను.

ఇప్పుడిది రాయడానికి ఒక కారణముంది. పోయిన వారం అదే మనిషి ఇంకో రీబ్రీదర్‌ను అమ్మకానికి పెట్టాడు. ఒక్కడే వాడాడట, 60 గంటలేనట. ఫొటోలో 0.21, 0.21, 0.21. కింద సెల్స్ తయారీ తేదీ ఏమిటని అడిగాను. మరునాటికి నా ప్రశ్న అక్కడ లేదు, ప్రకటన మాత్రం ఉంది.