నాటుకోడి పులుసు పక్కన షిరాజా, షెనిన్ బ్లాంకా?

కడపలో రాగి సంగటి, నాటుకోడి పులుసు వడ్డించే విందుకు నాసిక్ వైన్లను ఎంచుకునేటప్పుడు, మాంసానికి ఎర్ర వైనే సరి అన్న పాత సూత్రం అంతగా పనికిరాదు. ఎర్ర వైన్ అయిన షిరాజ్‌లో నేరేడును తలపించే ముదురు పండ్ల రుచి, మిరియాల ఘాటు, నాలుకను పట్టేసే వగరు ఉంటాయి. ఆ వగరునిచ్చే టానిన్లు, ఆల్కహాల్ కలిసి ఎండుమిర్చి మంటను ఇంకా పెంచుతాయి. కొద్దిగా తీపి మిగిలిన తెల్ల వైన్ షెనిన్ బ్లాంక్‌ను 8–10 డిగ్రీలకు చల్లబరిచి పోస్తే, దాని పులుపు నూనె జిడ్డును, తీపి కారాన్ని తగ్గిస్తాయి (ఉగ్గాని, మిరపకాయ బజ్జీకీ నేను దీన్నే ఎంచుకుంటాను). కారం తగ్గించి నిప్పులపై కాల్చిన పొట్టేలు మాంసానికైతే షిరాజే మేలు.

మంచి షిరాజ్ కొన్నేళ్ల నిల్వతో వగరు తగ్గి మెత్తబడుతుంది; మామూలు షెనిన్‌ను తాజాగానే తాగాలి. అయితే వేసవిలో 40 డిగ్రీలు దాటే కడపలో, 12–14 డిగ్రీల చల్లని అర లేనివారు ఏ సీసానూ దాచకపోవడమే మంచిది.