ఎన్నికల వేళ ఉగ్రవాదంపై పార్టీల వాదన: పక్కన పెట్టడం మేలా, బహిరంగంగా తేల్చుకోవడం మేలా?

పోలింగుకు కొద్ది రోజుల ముందు ఉగ్రవాద దాడి జరిగితే పార్టీల ముందు ప్రధానంగా రెండు దారులు ఉంటాయి. ఈ విషయాన్ని ఓట్లకు వాడుకోబోమని అందరూ మాట ఇచ్చుకుని ప్రచారం నుంచి పక్కన పెట్టడం ఒకటి. ప్రజల ప్రాణాలు కాపాడటం కన్నా పెద్ద ఎన్నికల అంశం ఏముంటుందంటూ దాని మీదే వాదించుకోవడం రెండోది. మొదటిది హుందాగా కనిపిస్తుంది, రెండోది శవాల మీద పేలాలు ఏరుకోవడంలా తోస్తుంది. నేనూ చాలాకాలం మొదటి దారినే సమర్థించాను. నాలుగు దేశాల అనుభవాలను పక్కపక్కన పెట్టి చూశాక ఆ అభిప్రాయం నిలవలేదు.

మొదటి దారికి స్పెయిన్‌ను మించిన ఉదాహరణ లేదు. ఉత్తరాన ఉన్న బాస్క్ ప్రాంతాన్ని వేరు దేశం చేయాలన్న సాయుధ సంస్థ ‘ఎటా’ (ETA) సాగించిన హత్యలతో దశాబ్దాలుగా నలిగిన ఆ దేశంలో, 2000 డిసెంబరులో అధికార పాపులర్ పార్టీ, ప్రతిపక్ష సోషలిస్టు పార్టీ ఒక లిఖిత ఒప్పందం చేసుకున్నాయి. ఉగ్రవాదాన్ని అంతం చేసే విధానాలను తమ మధ్య ఎన్నికల పోరులోకి లాగకూడదన్నది అందులోని ముఖ్యాంశం. దాన్ని ప్రతిపాదించింది అప్పటి ప్రతిపక్ష నేత జపతేరో. ఇంతకన్నా మంచి సంకల్పంతో రాసుకున్న రాజకీయ పత్రాలు అరుదు.

దానికి అసలు పరీక్ష 2004 మార్చి 11, గురువారం ఉదయం ఎదురైంది. మాడ్రిడ్ చుట్టుపక్కల నడిచే నాలుగు లోకల్ రైళ్లలో పది బాంబులు పేలి 190 మందికి పైగా మరణించారు. 14న పోలింగు. పార్టీలన్నీ వెంటనే ప్రచారం ఆపేశాయి. కానీ రాజకీయం ఆగలేదు. ప్రధాని అజ్నార్ స్వయంగా పత్రికల సంపాదకులకు ఫోన్ చేసి ఇది ఎటా పనేనని చెప్పారు. ఐక్యరాజ్యసమితి భద్రతామండలి అదే రోజు ఎటా పేరు పెట్టి మరీ ఖండన తీర్మానం చేసింది. దాడి చేసింది ఎటా అయితే ఆ సంస్థపై కఠినంగా వ్యవహరించిన ప్రభుత్వానికి ఓట్లు పెరుగుతాయి. ఇరాక్ యుద్ధానికి ప్రతీకారంగా జరిగిందని తేలితే, ప్రజాభిప్రాయాన్ని తోసిపుచ్చి అక్కడికి సైన్యాన్ని పంపిన అదే ప్రభుత్వానికి ఓట్లు పోతాయి. దోషి ఎవరన్న దర్యాప్తు ప్రశ్నే ఆ మూడు రోజుల్లో ఎన్నికల ప్రశ్నగా మారింది.

ఆ రాత్రి ఒక పోలీసు ఠాణాలో, రైల్లోంచి ఏరి తెచ్చిన ప్రయాణికుల సామాన్ల మధ్య, పేలని బాంబు ఉన్న ఒక సంచి బయటపడింది. అందులో పేలుడు పదార్థం, డిటొనేటరు, వాటికి తీగలతో కలిపిన మొబైల్ ఫోను ఉన్నాయి. ఆ ఫోను సిమ్ కార్డు ఆచూకీ పట్టుకుని వెళ్లిన పోలీసులకు దారి ఎటా వైపు కాక ఇస్లామిక్ తీవ్రవాదుల వైపు తిరిగింది. 13 సాయంత్రం అరెస్టుల సంగతి హోంమంత్రి ప్రకటించే వేళకే పాపులర్ పార్టీ కార్యాలయం ముందు జనం గుమిగూడి, నిజం చెప్పమని నిలదీస్తున్నారు. మరునాడు సోషలిస్టులు 164 స్థానాలు, పాపులర్ పార్టీ 148 స్థానాలు గెలిచాయి. ఉగ్రవాదులకు ఓటర్లు లొంగిపోయారని ఒక పక్షం, అబద్ధమాడిన ప్రభుత్వాన్ని శిక్షించారని మరో పక్షం ఆ తర్వాత చాలాకాలం వాదించుకున్నాయి. ఇరాక్ నుంచి సైన్యాన్ని వెనక్కి రప్పిస్తామన్న హామీని సోషలిస్టులు దాడికి ముందే ఇచ్చారు కాబట్టి, మొదటి వాదన నాకు బలంగా అనిపించదు.

మౌన ఒప్పందంలోని లోపం ఇక్కడే ఉంది. ప్రచారం ఆగినప్పుడు ప్రతిపక్షం మాట్లాడటం మానుతుంది గానీ ప్రభుత్వం మానదు, మానకూడదు కూడా. మంత్రులు విలేకరుల ముందుకు రావాలి, దర్యాప్తు వివరాలు చెప్పాలి, జనానికి ధైర్యం చెప్పాలి. అవన్నీ పాలన పేరుతోనే జరుగుతాయి, కానీ వినేవాళ్లు మూడు రోజుల్లో ఓటు వేయబోతున్న ఓటర్లు. రెండు పక్షాలకూ సమానంగా కనిపించే నిబంధన, ఆచరణలో అధికారంలో ఉన్నవారికే మైకు వదిలేస్తుంది.

రెండో దారికి బ్రిటన్ 2017 నాటి ఎన్నికలు సాక్ష్యం. మే 22న మాంచెస్టర్ అరీనాలో ఆత్మాహుతి దాడిలో 22 మంది చనిపోగా ప్రధాన పార్టీలు కొద్ది రోజులు ప్రచారం ఆపాయి. మే 26న మళ్లీ మొదలుపెడుతూ ప్రతిపక్ష లేబర్ పార్టీ నేత కోర్బిన్, విదేశాల్లో మనం చేసిన యుద్ధాలకూ ఇక్కడి ఉగ్రవాదానికీ సంబంధం ఉందని అన్నారు. ఆ మాట దాడి చేసినవారికి సాకు ఇచ్చినట్టేనని అధికార కన్జర్వేటివ్‌లు విరుచుకుపడ్డారు. జూన్ 3న లండన్ బ్రిడ్జి దగ్గర మరో ఎనిమిది మంది హతులయ్యాక వాదన పోలీసుల సంఖ్య మీదికి మళ్లింది. 2010 తర్వాత ఇంగ్లండ్, వేల్స్‌లలో పోలీసు అధికారుల సంఖ్య దాదాపు 20,000 తగ్గింది. అందులో ఆరేళ్లు హోంమంత్రిగా ఉన్నది అప్పటి ప్రధాని థెరిసా మే. ఉగ్రవాద నిరోధక విభాగాల నిధుల్లో కోత పెట్టలేదని ఆమె జవాబిచ్చారు. ఉగ్రవాద నిరోధక చట్టాలకు కోర్బిన్ పార్లమెంటులో పదేపదే వ్యతిరేకంగా ఓటు వేశారని ఆమె పార్టీ గుర్తుచేసింది.

ఈ వాదనలో కటువు మాటలు ఉన్నాయి, అన్యాయమైన మాటలూ ఉన్నాయి. అయినా ఓటరు చేతికి పనికొచ్చే సరుకు దొరికింది. వీధుల్లో గస్తీ తిరిగే పోలీసులు తగ్గితే సమాచారం అందడం తగ్గుతుందా, ప్రత్యేక విభాగాలకు డబ్బిస్తే సరిపోతుందా అన్నవి లెక్కలతో తేల్చదగిన ప్రశ్నలు. ఏ చట్టానికి ఎవరు ఎలా ఓటు వేశారన్నది రికార్డులో ఉంటుంది. ప్రభుత్వాన్ని నడపబోయేవారిని అడగవలసిన ప్రశ్నలే ఇవి. అడగవలసిన సమయమూ అదే.

మన దేశంలో 2008 నవంబరులో వాదన బహిరంగంగానే జరిగింది, కానీ సరుకు లేకుండా. 26న ముంబయిలో దాడి మొదలైంది, 27న మధ్యప్రదేశ్‌లో, 29న ఢిల్లీలో పోలింగు. ముంబయిలో కాల్పులు ఆగకముందే, ప్రభుత్వం బలహీనమైనదంటూ బీజేపీ పత్రికల్లో ప్రచార ప్రకటనలు వేయించింది. ఆ ఎన్నికల్లో ఢిల్లీని కాంగ్రెసే నిలబెట్టుకుంది. అంతకుముందు నాలుగేళ్లుగా తగువంతా ఉగ్రవాద నిరోధానికి తెచ్చిన ‘పోటా’ చట్టం ఉండాలా వద్దా అన్న ఒక్క మాట మీదే నడిచింది. 2002లో పార్లమెంటు ఉమ్మడి సమావేశంలో ఆమోదం పొందిన ఆ చట్టాన్ని 2004లో యూపీఏ రద్దు చేసింది. ముంబయి తర్వాత, డిసెంబరులో అదే యూపీఏ జాతీయ దర్యాప్తు సంస్థను (ఎన్ఐఏ) ఏర్పరచే చట్టంతో పాటు, చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టానికి (యూఏపీఏ) సవరణలు తెస్తే బీజేపీ మద్దతిచ్చింది. పోటాలో ఉన్నట్టే అభియోగపత్రం లేకుండా 180 రోజుల వరకు నిర్బంధించే వీలు ఆ సవరణలతో తిరిగి వచ్చింది. పోలీసు అధికారి ముందు ఇచ్చిన వాంగ్మూలాన్ని సాక్ష్యంగా తీసుకునే పోటా నిబంధన మాత్రం రాలేదు. అసలు తేడా ఈ రెండు నిబంధనల దగ్గర ఉంది. ఒక నిర్దోషి బతుకు చెడినా, ఒక దోషి తప్పించుకున్నా వీటి మూలంగానే. సభల్లో మాత్రం వినిపించింది పోటా అన్న పేరే.

బహిరంగ వాదన ఎంత దిగజారగలదో అమెరికాలో 2002 జార్జియా సెనేట్ ఎన్నిక చూపించింది. వియత్నాం యుద్ధంలో రెండు కాళ్లు, ఒక చెయ్యి పోగొట్టుకున్న డెమొక్రాటిక్ సెనేటర్ మాక్స్ క్లీలాండ్ మీద ప్రత్యర్థి వేయించిన టీవీ ప్రకటనలో బిన్ లాడెన్, సద్దాం హుస్సేన్ బొమ్మలు కనిపించాయి. అంతర్గత భద్రత చూసే కొత్త హోంలాండ్ సెక్యూరిటీ శాఖను పెట్టడాన్ని క్లీలాండ్ వ్యతిరేకించలేదు. ఆ శాఖ ఉద్యోగుల రక్షణలు ఎంతవరకు ఉండాలన్న దగ్గరే తేడా వచ్చింది. ఆయన ఓడిపోయారు. పాలనా విధానంపై అభిప్రాయభేదాన్ని దేశభక్తి లోపంగా చూపడం ఈ వాదనలో అన్నిటికన్నా హీనమైన ఎత్తు. దానికి ఏ సమర్థనా లేదు.

అదే అమెరికాలో రెండేళ్లకు మూడో దారి కనిపించింది. సెప్టెంబరు 11 దాడులపై వేసిన విచారణ సంఘంలో ఐదుగురు రిపబ్లికన్లు, ఐదుగురు డెమొక్రాట్లు ఉన్నారు. వారు ఏకగ్రీవంగా రాసిన నివేదిక 2004 జులై 22న, అధ్యక్ష ఎన్నిక ముమ్మరంగా సాగుతున్న సమయంలో, 41 సిఫార్సులతో బయటికి వచ్చింది. డెమొక్రాటిక్ అభ్యర్థి కెర్రీ వాటన్నిటినీ అమలు చేస్తానన్నారు. ఆ సంఘం ఏర్పాటుకే మొదట్లో సుముఖంగా లేని అధ్యక్షుడు బుష్, గూఢచార సంస్థలన్నిటికీ ఒకే అధిపతి ఉండాలన్న సిఫార్సును ఆగస్టులోనే అంగీకరించారు. డిసెంబరులో చట్టం అయింది. ఎన్నికల పోటీ లేకపోతే ఆ నివేదిక అంత త్వరగా కదిలేదని నేను అనుకోను. బ్రిటన్‌కు ఈ వీలు లేకపోయింది. మాంచెస్టర్ దాడిని ఆపగలిగే అవకాశం కొంత ఉండి ఉండవచ్చని స్వతంత్ర పరిశీలకుడు డేవిడ్ ఆండర్సన్ చెప్పిన నివేదిక 2017 డిసెంబరులో, అంటే ఓట్లు పడిన ఆరు నెలలకు వచ్చింది.

అందుచేత నా ఓటు బహిరంగ వాదనకే, అయితే ఒక షరతుతో. చనిపోయినవారి కోసం ఒకటి రెండు రోజులు గొంతు తగ్గించడం న్యాయం. ఆ తర్వాత బలగాలు, నిధులు, చట్టాలు, యుద్ధాలు అన్నిటి మీదా పార్టీలు ఎంత గట్టిగానైనా పోట్లాడుకోవచ్చు. దాడి ఎవరు చేశారు, దర్యాప్తు ఎంతవరకు వచ్చింది అన్నవి మాత్రం మంత్రి నోట కాకుండా పోలీసు అధికారి నోటే రావాలి. ప్రభుత్వం చూసిన కాగితాలే ప్రతిపక్ష నేత కూడా అదే రోజు చూడాలి. ఇది జరగని పని కాదు. అధ్యక్ష పదవికి పోటీపడే ప్రధాన పార్టీల అభ్యర్థులకు గూఢచార సమాచారం వినిపించే ఆనవాయితీ అమెరికాలో 1952లో ట్రూమన్ కాలం నుంచే ఉంది. మాడ్రిడ్‌లో ఆ సంచి దొరికిన తెల్లవారే దాని సంగతి జపతేరోకూ అధికారికంగా తెలిసి ఉంటే, ఎటా పేరును మరో రెండు రోజులు మోయడం ఏ మంత్రికీ సాధ్యమయ్యేది కాదు.